పాల ఫ్యాక్టరీలో పాత సామానుకో గది



పోయిన నెల మా పుట్టింట్లో అటక ఖాళీ చేస్తుంటే మూతున్న స్టీలు క్యారేజీ ఒకటి బయటపడింది. దాని మీద మా ఊరి పాలసంఘం పేరు, కింద అమ్మ సభ్యత్వం నంబరు చుక్కలు చుక్కలుగా కొట్టి ఉన్నాయి. ఒక ఏడాది సంక్రాంతికి బోనసుతో పాటు పాలు పోసేవాళ్లందరికీ పంచారు. తమ్ముడు దాన్ని పాత సామాన్ల గోనెలో వేస్తే నేను తీసి దాచాను.

విజయవాడ చిట్టినగర్ దగ్గరి పాల ఫ్యాక్టరీ 1969లో యునిసెఫ్ సాయంతో వచ్చింది. మరుసటి ఏడాదే దేశంలో పాల ఉత్పత్తి పెంచే ఆపరేషన్ ఫ్లడ్ మొదలైంది, 1974లో రాష్ట్ర పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ ఏర్పడింది, ఆ తర్వాత గుజరాత్‌లోని ఆనంద్ పద్ధతిలో ఊరూరా సంఘాలు పుట్టాయి. ఈ చరిత్రకు కాగితాలున్నాయి. తెల్లారకముందే లేచి కుడితి పెట్టి, పాలు పితికి, చెంబు పట్టుకుని కేంద్రం దగ్గర వరుసలో నిలబడిన ఆడవాళ్ల చరిత్రకు మాత్రం ఆ క్యారేజీలే మిగిలాయి. మా అమ్మ పేరున సెంటు భూమి లేదు. ఇల్లూ నాన్నదే. పాల పుస్తకం ఒక్కటే ఆమె పేరున ఉండేది.

ప్రచారానికి పంచిన సామాన్లకు ఇంత విలువా అని కొందరు అడగవచ్చు. డెయిరీ క్యాలెండరునే తీసుకోండి. అమ్మ ప్రతి తేదీ గడిలో పూటపూటకూ పోసిన పాలు, వచ్చిన వెన్న శాతం పెన్సిలుతో రాసేది. గేదెను దాటించిన రోజుకు చుట్టూ సున్నా చుట్టేది. ఈనే నెల అక్కణ్నుంచే లెక్కపెట్టుకునేది. డెయిరీ తన పేరు కోసం అచ్చేసిన కాగితం మా ఇంటి జమాఖర్చుల పుస్తకమైంది. అలాంటి క్యాలెండర్లు ఎన్ని చెదలు తినేశాయో!

అందుకే నా విన్నపం. పాల ఫ్యాక్టరీ ఆవరణలో ఒక గది కేటాయించాలి. ప్రతి ఊరి సంఘం తన సభ్యుల ఇళ్ల నుంచి పాత క్యాన్లు, నెయ్యి డబ్బాలు, పాల పుస్తకాలు, క్యాలెండర్లు సేకరించి, ఏ ఇంటిది, ఏ సంవత్సరానిది అన్న చీటీతో అక్కడికి చేర్చాలి. ఆనంద్‌లో అమూల్ వాళ్లకు మ్యూజియం ఉంది, మనకెందుకు ఉండకూడదు? కాలయాపన వద్దు. చిత్తూరు డెయిరీ 2002లో మూతపడింది. అంత పెద్ద సంస్థ మూతపడితే యంత్రాల లెక్క రాసుకునేవాళ్లుంటారు, క్యాలెండర్ల లెక్క ఎవరు రాస్తారు? ఆ చీటీల మీద ఏం రాయాలో చెప్పగలిగిన ఆడవాళ్లు ఇప్పుడు ఎనభైల్లో ఉన్నారు.

గది తెరిస్తే మొదటి వస్తువుగా అమ్మ క్యారేజీ నేనే తెచ్చి ఇస్తాను. చీటీ మీద ఫలానా రైతు భార్య అని రాయకుండా, అమ్మ పేరు, ఆమె పాల పుస్తకం నంబరు రాస్తే చాలు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కంకిపాడు