విశాఖ తీరంలో రెండు జలాంతర్గాములు

విశాఖపట్నం వెళ్లినవాళ్లు ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామిని చూడకుండా తిరిగిరారు. టికెట్ కొని, తల వంచుకుని, ఆ ఇరుకు అరల గుండా అటునుంచి ఇటు వస్తారు. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరిన కురుసుర 2001లో విధుల నుంచి తప్పుకుంది. మరుసటి ఏడాది దాన్ని ఒడ్డుకు చేర్చి మ్యూజియం చేశారు. అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో సముద్రం అడుగున ఇంకో జలాంతర్గామి ఉంది. దాని పేరు ఘాజీ. అమెరికా నౌకాదళంలో ‘డయాబ్లో’గా పనిచేసి, 1964లో పాకిస్థాన్ నౌకాదళంలోకి మారింది. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చి, 1971 డిసెంబరు 3-4 మధ్య రాత్రి తొంభై మందికి పైగా నావికులతో ఇక్కడే మునిగిపోయింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ ముంచిందని మనవాళ్లు, ప్రమాదవశాత్తు పేలుడు జరిగిందని పాకిస్థాన్‌వాళ్లు ఇప్పటికీ అంటూనే ఉన్నారు.

ఒకటి అమెరికాది, ఒకటి రష్యాది. రెండూ మన రేవు పక్కకు ఎందుకొచ్చాయి? అంతర్జాతీయ సంబంధాల సిద్ధాంతాలను తరగతి గదిలో వల్లె వేయడం కంటే ఈ ప్రశ్న వెంట పడితే అవి బాగా బోధపడతాయి.

1950లో జాన్ హెర్జ్ అనే పండితుడు ‘భద్రతా సందిగ్ధం’ అనే మాట వాడుకలోకి తెచ్చాడు. నా ఇంటికి నేను కట్టుకున్న గోడ పక్కింటివాడికి కోటలా కనిపిస్తుంది, అతనూ ఓ గోడ లేపుతాడు, చివరికి ఇద్దరికీ నిద్ర కరువవుతుంది. పాకిస్థాన్ 1954లో అమెరికా కూటమి సీటోలో, మరుసటి ఏడాది బాగ్దాద్ ఒడంబడికలో చేరింది. అమెరికా దృష్టి కమ్యూనిస్టుల మీద, పాకిస్థాన్ దృష్టి మన మీద. ఆయుధాలు మాత్రం అవే. మనం మాస్కో తలుపు తట్టాం. 1967లో తొలి జలాంతర్గామి కల్వరి, ఆ తర్వాత కురుసుర వచ్చాయి. ఎవరిని అడిగినా ఆత్మరక్షణ కోసమే అన్నారు. అబద్ధమూ కాదు.

దేశాల మీద పోలీసు లేడు, కాబట్టి ఎవరి జాగ్రత్త వారిదే అనేది వాస్తవికవాదం. 1948లో హాన్స్ మోర్గెంథౌ, 1979లో కెనెత్ వాల్ట్జ్ దీన్ని శాస్త్రంగా మలిచారు. మన కౌటిల్యుడి మండల సిద్ధాంతం అంతకు ఎన్నో శతాబ్దాల ముందుది. పొరుగువాడు శత్రువు, శత్రువుకు ఆవలివాడు మిత్రుడు అన్న ఆ లెక్క 1971కి చక్కగా సరిపోతుంది. మనకు పొరుగున చైనా, చైనాకు ఆవల సోవియట్ యూనియన్.  

వాస్తవికవాదాన్ని చదవడమే కాదు, నడిపించినవాడు అమెరికా జాతీయ భద్రతా సలహాదారు హెన్రీ కిసింజర్. 1971 జులైలో ఇస్లామాబాద్‌లో కడుపునొప్పి వంక పెట్టి, రహస్యంగా బీజింగ్ వెళ్లాడు. దారి చూపింది పాకిస్థాన్ అధ్యక్షుడు యాహ్యాఖాన్. ఆ యాహ్యా సైన్యమే మార్చి 25న తూర్పు పాకిస్థాన్‌లోని ఢాకాలో నరమేధం మొదలుపెట్టింది. ఏప్రిల్ 6న అక్కడి అమెరికా కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్, ఆయన సహోద్యోగులు తమ ప్రభుత్వ మౌనాన్ని నిరసిస్తూ తంతి పంపారు. బ్లడ్‌ను బదిలీ చేశారు. ఆగస్టు 9న మనం సోవియట్‌తో మైత్రీ ఒప్పందం మీద సంతకం పెట్టాం. బలాబలాల సమతూకానికి ఇంతకన్నా ముచ్చటైన ఉదాహరణ దొరకదు.

అంత చదివినవాడూ అసలు చోట తప్పటడుగు వేశాడు. కోటిమంది శరణార్థులు సరిహద్దు దాటి వచ్చిన సంక్షోభం కిసింజర్‌కు మాస్కోతో ఆడుతున్న చదరంగంలో ఒక గడిగానే కనిపించింది. డిసెంబరు 10న న్యూయార్క్‌లో చైనా ప్రతినిధి హువాంగ్ హువాను కలిసి, మీరు కదిలితే మీకు అండగా ఉంటామన్న సంకేతమిచ్చాడు. చైనా కదల్లేదు. అమెరికా విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతంలోకి వచ్చినా ఢాకా పతనం ఆగలేదు. 16న పాకిస్థాన్ వైపు 93 వేల మంది లొంగిపోయారు. మర్నాడు పశ్చిమాన ఇందిరాగాంధీ తనంతట తానే కాల్పులు ఆపేశారు. బలాన్నే కాదు, ఎదుటివాడి ఉద్దేశాన్ని కూడా చూసే దేశాలు జట్టు కడతాయని స్టీఫెన్ వాల్ట్ 1987లో రాశాడు. మన ఉద్దేశాన్నే వాషింగ్టన్ తప్పు చదివింది.

అయితే ఆ డిసెంబరులో నాకు అన్నిటికన్నా పాఠం చెప్పేది యుద్ధం కాదు, 7వ తేదీన ఐరాస సర్వసభ్య సభలో జరిగిన ఓటింగ్. కాల్పులు ఆపి సేనలను వెనక్కి తీసుకోవాలన్న తీర్మానానికి 104 దేశాలు అనుకూలం, 11 వ్యతిరేకం. ఆ పదకొండులో మనల్నీ భూటాన్‌నూ తీసేస్తే మిగిలినవన్నీ సోవియట్ శిబిరంలోనివే. అలీనోద్యమంలో మన పక్కన కూర్చున్నవాళ్లలో కూడా దాదాపు ఎవరూ మన వెంట రాలేదు. వాళ్లకు బెంగాలీల మీద జాలి లేక కాదు. వలస పాలకులు గీసిన సరిహద్దులే వాళ్ల ఇంటి గోడలు. నైజీరియాలో బయాఫ్రా యుద్ధం ముగిసి రెండేళ్లయినా కాలేదు. ఒకచోట గోడ కూలితే రేపు తమ ఇంట్లోనూ పగుళ్లు వస్తాయని భయం. పోలీసు లేకపోయినా దేశాల మధ్య కట్టుబాట్లు ఉంటాయని, వాటికి సమాజంలా కట్టుబడతాయని 1977లో హెడ్లీ బుల్ వాదించాడు. సార్వభౌమత్వం అలాంటి కట్టుబాటు. మనమూ దానికి అతీతులం కాదు. 1971లో సరిహద్దు దాటిన మనమే, 2011లో లిబియాపై బలప్రయోగానికి భద్రతామండలి అనుమతిచ్చినప్పుడు ఓటింగ్‌కు దూరంగా ఉన్నాం.

ఇక యుద్ధం మిగిల్చిన భయం ఊరికే పోలేదు. ఓడిన పాకిస్థాన్‌లో కొత్త అధ్యక్షుడు భుట్టో 1972 జనవరిలో శాస్త్రవేత్తలను ముల్తాన్‌కు పిలిచి అణుబాంబు మాటెత్తారు. 1974 మేలో మనం పోఖ్రాన్‌లో పరీక్ష జరిపాం. మళ్లీ గోడ మీద గోడ.

శత్రువూ మిత్రుడూ పుట్టుకతో రారు, దేశాలే అలా తయారుచేసుకుంటాయన్నాడు అలెగ్జాండర్ వెంట్. 1971లో అటువైపు నిలిచిన అమెరికా తర్వాత మనకు దగ్గరైంది. చైనా భయం లేకపోతే ఆ మాట ఇంత తేలిగ్గా నిజమయ్యేదా అని వాస్తవికవాది అడ్డు తగులుతాడు. ఆ తగవు తేలేది కాదు. 2024 అక్టోబరులో మలబార్ విన్యాసాలకు అమెరికా నౌకాదళం విశాఖకే అతిథిగా వచ్చింది. అమెరికాలో పుట్టిన ఘాజీ ఆ రేవు బయటే, 1971లో మునిగిన చోటే ఉంది.