స్థలం కొనేముందు అక్కచెల్లెళ్ల వాటా అడుగుదాం

చెన్నై–బెంగళూరు ఎక్స్‌ప్రెస్‌వే మన బంగారుపాళ్యం మండలం మీదుగా సాగుతున్నందున మామిడితోటల నడుమ హద్దురాళ్లు వెలిశాయి. వడ్డీకి దూరంగా ఉండదలచిన ముస్లిం కుటుంబాలు నేలను పొదుపుగా ఎంచుకోవడం సహజమే. అయితే తొలిసారి కొనేవారు ధరను విచారించినంత శ్రద్ధగా హక్కును విచారించడం లేదు.

రిజిస్ట్రేషన్ దస్తావేజును నమోదు చేస్తుందే గాని అమ్మినవారికి హక్కు ఉన్నదని ధ్రువీకరించదు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. వారసుల వాటాలు కనిపించవు.

ఒక ఉదాహరణ చూద్దాం. 32 సెంట్ల భూమి గల వ్యక్తి అప్పులేవీ లేకుండా మరణించాడు. తల్లిదండ్రులు అంతకుముందే గతించారు. భార్య, ఒక కుమారుడు, ఇద్దరు కుమార్తెలు మిగిలారు. సున్నీ హనఫీ వారసత్వ నియమాల ప్రకారం భార్యకు 4, కుమారునికి 14, కుమార్తెలకు చెరి 7 సెంట్లు సంక్రమిస్తాయి. కుమారుడొక్కడే సంతకం చేసి మొత్తం అమ్మితే, కొన్నవారికి దక్కే హక్కు 14 సెంట్ల మేరకే. అక్కచెల్లెళ్ల సంతకం లేని స్థలం చవకగా దొరికితే, ఆ చవక వారి వాటా నుంచి వచ్చినదే. అన్యాయమూ మనదే, కోర్టు ఖర్చూ మనదే.

డీకేటీ భూముల సంగతి వేరు. 1977 నాటి చట్టం వాటి బదిలీని నిషేధించింది. తరువాతి సడలింపులు ఏ సర్వే నంబరుకు వర్తిస్తాయో తహసీల్దారు కార్యాలయంలోనే తేల్చుకోవాలి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ నిషేధిత జాబితాను, అడంగల్‌ను, 1-బిని, లింకు దస్తావేజులను చూడనిదే అడ్వాన్సు ఇవ్వరాదు. లేఅవుటు 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 12 సెంట్లు మించితే రెరా నమోదు సంఖ్య అడగాలి.

వక్ఫు భూమి జోలికి అసలే పోరాదు. 2013 సవరణ దాని అమ్మకాన్ని మొదటినుంచే చెల్లనిదిగా ప్రకటించింది. వక్ఫు రక్షణ కోరుతూ అర్జీలు పెట్టే మనమే అందులో ప్లాటు కొంటే ఆ అర్జీకి విలువేముంటుంది?

రెవెన్యూ కాగితాలు చదవగల విశ్రాంత ఉద్యోగులు మన ఊళ్లలో ఉన్నారు. మసీదు కమిటీలు వారిని పిలిచి, శుక్రవారం నమాజు అనంతరం ఒక గంటసేపు దస్తావేజులు పరిశీలించే ఏర్పాటు చేయాలి. దీనికి నిధులు అక్కరలేదు. స్త్రీలకూ అక్కడ చోటుండాలి. వాటా వారిదైనప్పుడు కాగితమూ వారి కంటపడాలి.