నొప్పి కాలిలో, మూలం నడుములో

హిందూపురం, గౌరీబిదనూరు, బాగేపల్లి ప్రాంతాల గ్రామాలకు బెంగళూరు నేడు అన్నం పెట్టే నగరం. గార్మెంట్ ఫ్యాక్టరీలలో కుట్టుపని, మార్కెట్లలో మూటల మోత, కార్లు, ఆటోల డ్రైవింగ్ మనవారికి జీవనాధారాలు. ఈ పనులన్నింటిలోనూ భారం పడేది నడుము మీదనే. పిరుదు నుండి పిక్క వరకు తీగలా లాగే సయాటికా నొప్పి ఒక్కసారి పట్టుకున్నదంటే కుటుంబ ఆదాయమే నిలిచిపోతుంది. కనుక దీని కారణాలను ప్రతి ఇల్లు ఎరిగి ఉండుట అవసరం.

సయాటికా ఒక వ్యాధి పేరు కాదు, ఒక లక్షణం. ఆయుర్వేదం దీనిని గృధ్రసి అన్నది. మన శరీరంలో అన్నింటికంటే లావైన నరం వెన్నెముక దిగువ భాగం నుండి బయలుదేరి, పిరుదుల గుండా కాలిలోకి దిగుతుంది. వెన్నుపూసల నడుమ మెత్తని బిళ్లలు ఉంటాయి. వాటి పై పొర చిట్లి, లోపలి గుజ్జు వెలికివచ్చి నరపు వేరును ఒత్తినపుడు నొప్పి కాలిలో తెలుస్తుంది. ఈ సంబంధాన్ని 1934లో మిక్స్టర్, బార్ అను అమెరికా వైద్యులు స్పష్టంగా వివరించారు. సుమారు 90 శాతం మందిలో కారణం ఇదే. వయసు మళ్లినవారిలో వెన్ను నాళం ఇరుకు కావడం, పూస జరగడం కూడా కారణాలు కావచ్చు.

వంగి, నడుము తిప్పుతూ బరువు లేపడం, గంటల తరబడి కదలక కూర్చోవడం, వాహనాల కుదుపులు, స్థూలకాయం, పొగ త్రాగడం ఈ ముప్పును పెంచుతాయి.

తెలుగులో 'నడుము నొప్పి' అన్నా, కన్నడంలో 'సొంట నోవు' అన్నా వైద్యునికి సగమే తెలుస్తుంది. నొప్పి ఎక్కడ మొదలై ఎంతవరకు దిగుతున్నదో, దగ్గితే పెరుగుతున్నదో లేదో, తిమ్మిరి ఏ వేలిలో ఉన్నదో చెప్పాలి. రెండు పాదాలలోనూ మంట ఉంటే అది మధుమేహం వల్ల కూడా కావచ్చు.

ఊరట కలిగించే విషయమేమంటే, ఎక్కువమందికి ఆరు నుండి పన్నెండు వారాలలో ఆపరేషన్ లేకుండానే నొప్పి తగ్గుతుంది. వారాల తరబడి మంచం పట్టడం మేలు చేయదు. ఓర్చుకోగలిగినంత నడవడమే మంచిది. మొదటి వారంలోనే అప్పు చేసి ఎం.ఆర్.ఐ. తీయించుకోనక్కరలేదు. నొప్పి లేనివారి స్కాన్‌లోనూ బిళ్ల ఉబ్బు కనిపించడం సాధారణం. ఎదురుకాళ్లతో పుట్టినవారిచేత నడుము తన్నించుకునే ఆచారం మన పల్లెల్లో ఉన్నది. కాలికి దిగే నరపు నొప్పిలో అది ప్రమాదకరం.

అయితే కొన్ని లక్షణాలలో ఒక్కరోజు జాప్యం కూడా తగదు. మూత్రం రాకపోవడం లేదా అదుపు తప్పడం, మర్మావయవాల చుట్టూ స్పర్శ పోవడం, రెండు కాళ్లూ బలహీనపడడం, పాదం పైకి లేవకపోవడం అట్టివి. వెంటనే ఆపరేషన్ జరగకపోతే అవిటితనం శాశ్వతం కావచ్చు. జ్వరంతో, కారణం లేని బరువు తగ్గుదలతో వచ్చే నడుము నొప్పినీ త్వరగా చూపించాలి. బెంగళూరులో హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్, జయనగరంలోని సంజయ్ గాంధీ ఆస్పత్రి ప్రభుత్వ సంస్థలే.

పనిచోట గంటకొకసారి లేచి నిలబడే వీలు, మూటకు హద్దు, ఎత్తు సరిపోయే కుర్చీ కోరడం విలాసం కాదు. చికిత్సకయ్యే ఖర్చుతో పోల్చితే వీటికయ్యేది స్వల్పం. యజమానులు, కార్మిక సంఘాలు దీనిని గుర్తించాలి.