ఒళ్లు కదిలే ఆట

వీడియో గేమ్ అనగానే సోఫాలో చేరగిలబడి, మీటల మీద బొటనవేళ్లు టకటకలాడించే కుర్రాడే గుర్తొస్తాడు. ఆ మీటలు అలవాటు లేనివారికి ఆటలో చోటు లేదు. అమ్మమ్మ చేతికి కంట్రోలర్ ఇచ్చి చూడండి. ఏది నొక్కాలో రెండుసార్లు అడిగి, మనవడికే తిరిగి ఇచ్చేస్తుంది. కదలికను పసిగట్టే కెమెరా ఆ మీటల అవసరమే లేకుండా చేసింది. మనం చెయ్యి ఎత్తితే తెర మీది బొమ్మా ఎత్తుతుంది. ఆడటానికి అంతకు మించి నేర్చుకోవాల్సిందేమీ లేదు.

సోనీ 2003లో ప్లేస్టేషన్ 2 కోసం తెచ్చిన ఐటాయ్ మామూలు కెమెరా. లోతు దానికి తెలియదు. 2010 నవంబరులో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360కి కినెక్ట్‌ను జతచేసింది. కంటికి కనపడని పరారుణ చుక్కల్ని గదిలో చల్లి, ఆ చుక్కల అమరికను బట్టి ఏది ఎంత దూరంలో ఉందో అది లెక్కగట్టేది. తల, మోచేయి, మోకాలు వంటి 20 చోట్లను సెకనుకు 30 సార్లు గుర్తుపట్టేది. తొలి 60 రోజుల్లో 80 లక్షలు అమ్ముడై గిన్నిస్ రికార్డుకెక్కింది. 2017 వచ్చేసరికి దాని తయారీయే ఆగిపోయింది.

కారణాలు లేకపోలేదు. ఆడేవారు తెరకు ఆరేడు అడుగుల దూరం జరగాలి. అందుకోసం టీపాయ్‌ని, మంచాన్ని పక్కకు నెట్టాలి. చెయ్యి విసిరాక రెప్పపాటు ఆలస్యంగా బొమ్మ కదిలేది. అసలు లోపం మాత్రం ఆటల్లోనే ఉందని మా అభిప్రాయం. మీటలతో హాయిగా సాగే ఆటల్ని ఒంటితో ఆడించబోయారు. చేతిలో స్టీరింగ్ లేకుండా, ఉత్త గాలిలో చేతులు తిప్పి కారు నడపడంలో సుఖమేముంది? హార్మోనిక్స్ సంస్థ చేసిన డాన్స్ సెంట్రల్ అనే నాట్యపు ఆట మాత్రం ఒంటికి సహజమైన పనినే అడిగింది. అడుగు తప్పితే, తప్పింది చెయ్యో కాలో తెర మీది బొమ్మకు ఆ చోటే ఎర్రగా వెలిగించి చూపింది.

ఆ ఎర్ర వెలుగులో ఈ కెమెరాల సత్తా అంతా ఉంది. నొక్కారా లేదా అన్నదొక్కటే మీటకు తెలుసు. ఎంత వంగారు, ఎక్కడ తడబడ్డారు అన్నది కూడా కెమెరా చూడగలదు. పక్షవాతం నుంచి కోలుకునేవారి వ్యాయామానికి కినెక్ట్‌ను పరిశోధకులు వాడి చూసింది ఇందుకే. చెయ్యి ఇవాళ ఛాతీ ఎత్తుకే లేస్తే, తెర మీద కోయాల్సిన పండు అక్కడే వేలాడాలి. రేపు నాలుగు వేళ్లు పైకి జరగాలి. మనవడు గెంతి కోసిన పండును, కుర్చీలో కూర్చున్న తాత చెయ్యి చాచి కోయగలగాలి. ఇద్దరికీ అది ఒకే ఆట కావాలి, గెలిచే అవకాశమూ ఇద్దరికీ ఉండాలి.

ఇప్పుడు ఇందుకు ప్రత్యేక పరికరమూ అక్కర్లేదు. మామూలు ఫోన్ కెమెరా తీసే దృశ్యంలోంచే శరీరం మీద 33 చోట్లను గుర్తించే సాఫ్ట్‌వేర్‌ను గూగుల్ ఉచితంగా అందిస్తోంది. ఫోన్‌ను గోడకు ఆనించి తొక్కుడుబిళ్ల ఆడించవచ్చు. కూచిపూడి నేర్చుకునే పిల్లకు అరమండి ఎక్కడ సడలిందో చూపవచ్చు. కబడ్డీ మాత్రం కష్టమే. కాలు పట్టి లాగే చేతి పట్టును ఏ కెమెరా ఇవ్వలేదు. హైదరాబాద్ గేమ్ స్టూడియోలలో పనిచేసే యువతీ యువకులు ఇలాంటి ఆటల మీద మనసు పెట్టాలని కోరుకుంటున్నాం.

ఇంట్లోకి కెమెరాను రానిస్తున్నామన్న జంకు కూడా న్యాయమైనదే. ఎక్స్‌బాక్స్ వన్ పనిచేయాలంటే కినెక్ట్ తగిలించే ఉండాలన్న షరతును, విమర్శలు వెల్లువెత్తాక 2013లో మైక్రోసాఫ్ట్ వదులుకుంది. దృశ్యం ఫోన్ దాటకుండా, కీళ్ల గుర్తులు మాత్రమే ఆటకు చేరేలా చేయడం ఇవాళ సాధ్యమే. అలా చేశారో లేదో, చేయకపోతే ఆ దృశ్యాలు ఎవరి దగ్గర ఉంటాయో, ఆట మొదలయ్యే ముందే తెలుగులో రెండు వాక్యాల్లో తెర మీద చెప్పాలి.