పడిపోయిన చేతికి మనోభ్యాసము

పక్షవాతమున చేయి పడిపోయినవారిని ఎఱుగనివారు మనలో నుండరు. ప్రతి వీధియందును అట్టివారు ఒకరో ఇద్దరో కనబడుచునే యుందురు. చచ్చుబడిన కుడిచేతిని ఎడమచేతితో నెత్తి ఒడిలో పెట్టుకొని అరుగుపై కూర్చుండు తాతగారిని చూచి జాలిపడని బాలుడు లేడు. కాని జాలి వేఱు, సాయము వేఱు. అట్టి చేతిని మరల పనిలోనికి తెచ్చుటకై వైద్యులు పరీక్షించిన యొక సాధనమును గూర్చియు, దాని హద్దులను గూర్చియు నా యభిప్రాయమును మన పత్రిక చదువరుల యెదుట నుంచదలచితిని. దానికి మనోభ్యాసమని పేరు పెట్టవచ్చును. చేయి చేయవలసిన పనిని చేయి కదలింపకయే మనస్సులో పలుమారులు చేయుటయే యది.

ముందుగా వ్యాధి సంగతి. పక్షవాతము చేతికిని కాలికిని వచ్చు జబ్బని మనవారు తలతురు. నిజమునకు అది మెదడునకు వచ్చు జబ్బు. మెదడునకు రక్తము గొనిపోవు నాళము పూడుకొనుటచేతనో, పగులుటచేతనో, ఆ భాగమునందలి కణములు నశించును. ఎడమవైపు మెదడు దెబ్బతిన్నయెడల కుడిచేయియు, కుడివైపు దెబ్బతిన్నయెడల ఎడమచేయియు పడిపోవును. చేతిలోని యెముకలును కండలును మొదట చెడకయే యుండును. వానికి ఆజ్ఞ పంపువాడు లేకపోవుటయే లోపము. కావున పావురపు నెత్తురు చేతికి పూయుటవలన పావురమునకు చావే గాని రోగికి లాభము లేదు. వ్యాధి తగిలిన తొలి గంటలలో చేయవలసిన దొక్కటే, ఒక్క నిమిషమైన జాగు చేయక పెద్ద ఆసుపత్రికి గొనిపోవుట. నేను వ్రాయుచున్నది అటుతరువాతి నెలలను, సంవత్సరములను గూర్చి.

నశించిన కణములు మరల మొలవవు. అయినను మెదడునందు మిగిలిన భాగములు అభ్యాసముచేత ఆ పనిని కొంతవఱకు నేర్చుకొనగలవు. నేర్చుట యనునది ఉపాధ్యాయునకు పరిచితమైన మాటయే గదా! పసివానిచేత అక్షరము దిద్దించునపుడు మనము చేయించున దేమి? ఒకే గీతను నూఱుమారులు. రోగి చేతికిని అదియే మార్గము. కాని బలపము పట్టుటకే శక్తి చాలని చేతిచేత దిద్దించు టెట్లు? ఇచ్చటనే మనోభ్యాసమునకు పని గలుగుచున్నది.

మనస్సులో చేసిన పని దేహమున కెట్లు పట్టునని కొందఱు నవ్వుదురు. అమెరికాలో ఎడ్మండ్ జేకబ్సన్ అను వైద్యుడు 1930 ప్రాంతమున, చేయి మడచుచున్నట్లు భావింపుడని మనుష్యులకు చెప్పి, కదలకయే యున్న వారి కండలయందు అతిసూక్ష్మమైన విద్యుత్తు పుట్టుటను యంత్రములతో కొలిచెను. అల్వారో పాస్కువల్ లియోనెయు ఆయన సహచరులును 1995లో ప్రకటించిన పరిశోధన యింతకంటె స్పష్టమైనది. పియానోపై ఐదు వ్రేళ్లతో వాయించు నొక పాఠమును కొందఱు దినమునకు 2 గంటల చొప్పున 5 దినములు నిజముగా వాయించిరి; మఱికొందఱు వ్రేళ్లు కదపక వాయించుచున్నట్లు భావించిరి. ఉభయుల మెదడులందును ఆ వ్రేళ్ల నేలు భాగము విస్తరించెను. అయితే భావించినవారి వాద్యము నిజముగా వాయించినవారి వాద్యముతో సమానము కాలేదు. తరువాత 2 గంటలు మాత్రము పియానో ముట్టనిచ్చినంతనే వా రాస్థాయి నందుకొనిరి. భావన చేతికి బదులు కాలేదు. చేతికి దారి దున్నిపెట్టెను. ఈ సంగతిని చదువరులు గుర్తుంచుకొందురు గాక; ముందు దీనితో పని యున్నది.

ఇక రోగుల మాట. అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయమున స్టీఫెన్ పేజ్ అను పండితుడును తోడివారును 32 మంది రోగులతో జరిపిన పరీక్షను 2007లో ప్రకటించిరి. వ్యాధి తగిలి సగటున మూడున్నర సంవత్సరములు దాటినవారు వీరు. ఇక మార్పు రాదని సామాన్యముగా వదలివేయబడువారు. అందఱికిని వారమునకు 2 దినములు, అరగంట చొప్పున, 6 వారములు చేతికి వ్యాయామ చికిత్స చేయించిరి. దాని వెంటనే సగము మంది ఆ పనులనే మనస్సులో చేయుచుండగా, తక్కినవారు ఊరక విశ్రమించుచు దేహమును సడలించుకొనిరి. మనస్సులో చేయుట కెన్నుకొన్న పనులు ఘనమైనవి కావు: గిన్నె నందుకొనుట, పుస్తకపు పుట త్రిప్పుట, కలము పట్టుట వంటివి. 6 వారముల చివర మనోభ్యాసము చేసినవారి చేతులు స్పష్టముగా మెఱుగుపడెను. రెండవ తెగవారి చేతులలో గొప్ప మార్పు కనబడలేదు.

ఇంతటితో నిలిపినయెడల నా వ్యాసము ప్రకటన కాగితము వంటిదగును. 2011లో బ్రిటనునందు 121 మంది రోగులపై జరిగిన పెద్ద పరీక్షలో మనోభ్యాసమువలన ఏ లాభమును కనబడలేదు. అందు రోగులకు మామూలు చికిత్స జరుగుచుండగా, మనోభ్యాసమును దానితో ముడివేయక, 4 వారములు వేఱుగా చేయించిరి. వారు వ్యాధి తగిలి ఆఱు నెలలు దాటనివారు. ఈ రెండు ఫలితములును ఒకదాని నొకటి కొట్టివేయవని నా తలంపు. ఇప్పుడే భావించిన పనిని ఇప్పుడే చేతితో ప్రయత్నించుటయు, ఇప్పుడే ప్రయత్నించిన పనిని మరల భావించుటయు నొకటి. ఊరక కన్నులు మూసికొని తలపోయుట వేఱొకటి. పియానో కథ చెప్పినదియు నిదియే. 2020లో కోక్రేన్ సంస్థవారు 25 పరీక్షలను, 676 మంది రోగులను కలిపి విమర్శించి, ఇతర చికిత్సతో జతపఱచినపుడు మనోభ్యాసము చేతికి మేలుచేయునని తీర్మానించిరి. జతపఱచినపుడు అనుమాట క్రింద నేనైతే ఎఱ్ఱసిరాతో గీత గీయుదును.

ఇట్లు పట్టుపట్టి చెప్పుటకు కారణము గలదు. ఖర్చులేని వైద్యమనగానే మనకు ఆశ మెండు. మనస్సు దృఢముగా నున్న చేయి దానంతట లేచునని రోగితో చెప్పువారు నేడు తక్కువ కారు. ఆ మాట మొదట ఉత్సాహము గలిగించును. చేయి లేవనపుడు అది నేరారోపణ యగును. నీకు పట్టుదల లేదు, కాబట్టి నీకు తగ్గలేదు అని ఇంటివారు అనకపోయినను రోగి తనలో అనుకొనును. మెదడున గాయపడినవానిపై ఈ నింద వేయుట క్రూరము. మనోభ్యాసము పట్టుదలకు పరీక్ష కాదు. అది ఎక్కాలు వల్లించుట వంటి అభ్యాసము. అందఱికిని సరిపడునదియు కాదు. మాటలు గ్రహింపలేనివారును, మెదడు నడినెత్తి వెనుకభాగమున దెబ్బతిని చేతి కదలికను భావించుటకే శక్తి కోల్పోయినవారును గలరు. ఫిజియోథెరపిస్టు చూచి చెప్పినపిమ్మట మొదలుపెట్టుట మేలు.

ఈ చికిత్సకు మన యిండ్లలో నున్న పెద్ద విఘ్నము వేఱు. అది ప్రేమ. అన్నము తినుచేయి పడిపోవుట మన దేశమున కేవలము బలహీనత కాదు, అవమానము. ఎడమచేత తినలేక, బంతిలో కూర్చుండలేక, పెండ్లిండ్లకు పోవుట మానినవారిని చూచితిని. అందుచేత ఇంటివారు ముద్ద కలిపి నోట పెట్టుదురు. గుండీలు తామే పెట్టుదురు. నీళ్ల గ్లాసు పెదవుల కందింతురు. ఇది సేవయే. కాని కొంచెము కదలగల చేయి సయితము అక్కఱ లేనందున కదలుట మానివేయును. అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ టాబ్, చేతిని వాడకుండుటయు నేర్చుకొన్న అలవాటేయని చూపి, మంచి చేతిని కట్టిపెట్టి చెడిన చేతిచేతనే పనులు చేయించు చికిత్సను వృద్ధిచేసెను. మనము దాని కెదురుగా, చెడిన చేతినే ఒడిలో కట్టిపెట్టుచున్నాము. కోడలు ముద్ద పెట్టుట మానిన ఊరివారేమందురోయను భయము నేనెఱుగుదును. ఆ భయము తీర్చుటకు ఇంటి పెద్దలే ముందుకు రావలయును.

ఇందు మన పాఠశాల బాలబాలికలు చేయదగిన పని యొకటి యున్నది. మనోభ్యాసమునకు యంత్రములు వలదు. నెమ్మదిగా చదివి వినిపించు గొంతుక యొకటి కావలయును. తాతగారిని గాని నాయనమ్మగారిని గాని సందడిలేని గదిలో పరుండబెట్టి, కొన్ని నిమిషములు దేహమును సడలించుకొమ్మని చెప్పవలయును. పిదప చదువవలసిన మాటలు ఇట్టివి: తాతా, మీ యెదుట బల్లపై గ్లాసున్నది. మీ కుడిచేయి ముందునకు సాగుచున్నది. మోచేయి చాగుచున్నది. వ్రేళ్లు తెఱచుకొనుచున్నవి. గ్లాసు చల్లగా తగులుచున్నది. పట్టుకొన్నారు. ఎత్తుచున్నారు. తన్ను తాను దూరమునుండి చూచుకొనునట్లు గాక, తన భుజములోపలినుండియే ఆ కదలిక తెలియునట్లు భావించుమని ముందే చెప్పవలయును.

తొందర కూడదు. నిజముగా చేయుటకు పట్టునంత కాలమే భావించుటకును పట్టవలయును. గడియారము పిల్లవాని చేతిలో నుండనిండు. మంచిచేతితో గ్లాసెత్తుట కెంతసేపు పట్టినదో ముందు చూచికొని, చదువు వేగమును దాని కనుగుణముగా దిద్దుకొనవచ్చును. ఒకే పనిని కొన్ని దినములు చేయించి, అది కొంత వశమైన తరువాతనే తలుపు గడియ, చొక్కా గుండీ, అన్నపుముద్ద మొదలైనవానిని చేర్చవలయును. అరగంటకు మించిన విసుగు పుట్టును. భుజము నొప్పి యున్నచో ఆ దినము మానవలెను.

చదువుట ముగిసిన వెంటనే నిజమైన గ్లాసును, మొదట ఖాళీదానిని, చెడిన చేయి ప్రక్కన పెట్టవలయును. అటుపిమ్మట చేయి జాగుచేసినను, గ్లాసు దొర్లిపడినను, ప్రక్కనున్నవారు తమ చేతులను తమ ఒడిలోనే పెట్టుకొని కూర్చుండవలయును.