అభిమానాన్ని అటకెక్కించండి

కొత్త కన్సోల్ అమ్మకాల లెక్కలు బయటికి వచ్చినప్పుడల్లా గేమింగ్ అభిమానులు అచ్చం మన హీరోల అభిమానులు తొలిరోజు వసూళ్లు పట్టుకుని కొట్టుకున్నట్టే కొట్టుకుంటున్నారు. 2025 జూన్ 5న వచ్చిన నింటెండో స్విచ్ 2 నాలుగు రోజుల్లో 35 లక్షలు అమ్ముడైంది కాబట్టి చేతిలో పట్టుకుని ఆడే గేముల భవిష్యత్తు ఇక నింటెండోదేనని ఒక జట్టు. కాదు, పీసీ గేములన్నీ చేతిలోకి తెచ్చిన స్టీమ్ డెక్‌దేనని ఇంకో జట్టు. ఆసుస్ యంత్రానికి ఎక్స్‌బాక్స్ పేరు తగిలించగానే మూడో జట్టు దిగింది. అమ్మేది కంపెనీ, లాభం వాటాదారులది, జబ్బలు చరుచుకునేది మాత్రం జేబు ఖాళీ అయినవాడు. ఈ బ్రాండు భక్తి చూస్తే విసుగొస్తోంది. భక్తి ఎవరిష్టం వారిదని ఊరుకోవచ్చు. కానీ హ్యాండ్‌హెల్డ్ గేమింగ్‌లో ఆటగాళ్లకు జరిగిన మేలులో పెద్ద వాటా భక్తుల వల్ల రాలేదు, ముఖం తిప్పుకుని వెళ్లిపోయినవాళ్ల వల్ల వచ్చింది.

2011 మార్చిలో అమెరికాలో నింటెండో 3డీఎస్ ధర 249.99 డాలర్లు. పాత డీఎస్ 15 కోట్లకు పైగా అమ్ముడైంది, వాళ్లంతా కళ్లు మూసుకుని కొనేస్తారని కంపెనీ ధీమా. జనం కొనలేదు. ఐదు నెలలు తిరక్కుండానే ధర 169.99 డాలర్లకు దిగింది. అప్పటి అధ్యక్షుడు సటోరు ఇవాటా తన జీతం సగానికి కోసుకున్నాడు. మొదటి వారాల్లోనే ఎగబడి కొన్న భక్తులకు దక్కింది 20 పాత గేముల ప్రసాదం. 80 డాలర్లు మిగుల్చుకున్నది ఆగినవాడు. దీనికంటే పెద్ద ఉదాహరణ టీవీకి తగిలించే వీ. అది 10 కోట్లు దాటింది, దాని వారసుడు వీ యూ కోటీ 36 లక్షల దగ్గర చతికిలబడింది. వీ కొన్నవాళ్లందరూ బ్రాండుకు కట్టుబడి వీ యూ కూడా కొని ఉంటే, నింటెండోకి తన దారి మార్చుకోవాల్సిన గతి పట్టేది కాదు. టీవీ కన్సోల్‌నీ చేతి యంత్రాన్నీ కలిపేసిన స్విచ్ 2017లో ఆ ఓటమిలోంచే పుట్టింది, ఆ తర్వాత 15 కోట్లు దాటింది.

అభిమానం లేకపోతే గేమ్ బాయ్ నిలబడేదా అని అడుగుతారు. 1989లో గుంపేయ్ యొకోయ్ బృందం తెచ్చిన ఆ యంత్రానికి రంగులు లేవు, తెర వెనక వెలుగూ లేదు. వెనక మూత వేలితో జరిపితే నాలుగు పెన్సిల్ సెల్లు, వాటితో పది గంటలకు పైగా ఆట. మరుసటి ఏడు వచ్చిన సెగా గేమ్ గేర్‌కి రంగుల తెర ఉంది కానీ ఆరు సెల్లు మింగి మూడు నుంచి ఐదు గంటల్లో చేతులెత్తేసేది. జనం లెక్క చూసి కొన్నారు. పెట్టెలో టెట్రిస్ రావడం కలిసొచ్చింది. ఆపైన గేమ్ బాయ్ అడ్వాన్స్ పాత గేమ్ బాయ్ క్యాట్రిడ్జ్‌లను ఆడించింది, డీఎస్ అడ్వాన్స్‌వి ఆడించింది, 3డీఎస్ డీఎస్‌వి ఆడించింది. మాట నిలబెట్టుకున్నది కంపెనీ, దానికి ప్రతిఫలంగా దొరికింది ఆదరణ. ఎవరు ఎవరికి కట్టుబడాలో ఇక్కడే తేలిపోతుంది. సోనీ సంగతి చూడండి. పీఎస్‌పీని నెత్తిన పెట్టుకున్నవాళ్లు తర్వాత వచ్చిన చేతి యంత్రం వీటా కూడా కొన్నారు, దానికి మాత్రమే పనికొచ్చే ఖరీదైన మెమరీ కార్డులూ కొన్నారు. 2019లో వీటా తయారీ ఆపేశారు, వారసుడు రాలేదు. 2023లో వచ్చిన పోర్టల్ ఇంట్లో పీఎస్5 ఉంటే దాని బొమ్మను వైఫై మీద చూపించే తెరగానే మొదలైంది.

అసలు దెబ్బ సొంతదనం మీద పడుతోంది. స్విచ్ 2కి వస్తున్న గేమ్-కీ కార్డుల్లో గేమ్ ఉండదు, డౌన్‌లోడ్‌కు తాళంచెవి మాత్రమే ఉంటుంది. ఆ సర్వర్ మూసేసిన రోజున అది ప్లాస్టిక్ ముక్క. మూస్తారా అనే సందేహం అక్కర్లేదు, 3డీఎస్, వీ యూ దుకాణాల్లో కొనుగోళ్లు 2023 మార్చిలో ఆగిపోయాయి. కొనేవాడికి దక్కేది అనుమతి మాత్రమే అయితే ఆ ముక్క చెప్పకుండా ‘కొనండి’ అని రాయకూడదని కాలిఫోర్నియా చట్టమే చేయాల్సి వచ్చింది. స్విచ్ కంట్రోలర్లయిన జాయ్-కాన్ల జబ్బు ఇంకో కథ: ఎవరూ ముట్టుకోకుండానే తెర మీద మారియో ఒక పక్కకి నడుచుకుంటూ పోతాడు. కోర్టు కేసులయ్యాయి, అధ్యక్షుడు క్షమాపణ చెప్పాడు. ఇంత జరిగాక కూడా, అరుగుదల సమస్య లేని హాల్ ఎఫెక్ట్ సెన్సర్లు మార్కెట్లో దొరుకుతుండగానే, స్విచ్ 2లో వాటిని పెట్టలేదు. ఎందుకు పెడతారు? ఎలాగూ కొంటున్నారు కదా!

నింటెండో గేములు నిజంగానే బాగుంటాయి, దాన్ని భక్తి అనకూడదంటే ఒప్పుకుంటాను. జెల్డా మీద ఇష్టం వేరు, జెల్డాని అడ్డం పెట్టుకుని ఏ ధరైనా చెప్పగల కంపెనీ మీద ఇష్టం వేరు. స్టీమ్ డెక్ విడిభాగాలను బయట అమ్మనిచ్చిన దాని తయారీ సంస్థ వాల్వ్‌ని మెచ్చుకోవాల్సిందే, అయితే అక్కడ కొన్న గేములన్నీ స్టీమ్ ఖాతాకే కట్టేసి ఉంటాయి. ఫోన్ వచ్చాక ఈ గొడవంతా దేనికనేవాళ్లకు ఒకటే జవాబు: స్విచ్ అమ్ముడైంది ఫోన్ల కాలంలోనే.

మన దగ్గరి వీరాభిమానులను చూస్తే జాలి కూడా వేస్తుంది. స్విచ్ యంత్రాలను భారత్‌లో అధికారికంగా అమ్మడానికే నింటెండో రాలేదు. అమెరికా నుంచి వచ్చే బంధువు సూట్‌కేసులోనో, గ్రే మార్కెట్ దుకాణంలోనో దొరకాలి. వారంటీ ఊసే లేదు.  చెడిపోతే వీధి చివర మెకానిక్కే దిక్కు, అతనికీ మూడు రెక్కల స్క్రూలు, జిగురుతో అతికించిన బ్యాటరీ ఎదురవుతాయి. ఈ జిగురు రోగం గేములతో ఆగలేదు. మన చేతిలోని దాదాపు ప్రతి ఫోనుదీ ఇదే వరస. గోరుతో మూత తీసి బ్యాటరీ మార్చుకున్న రోజులు ఎక్కడికి పోయాయని ఒక్కరూ అడగరు. ఐరోపా సమాఖ్య అడిగింది: 2027 ఫిబ్రవరి 18 నుంచి చేతి పరికరాల బ్యాటరీలు వాడకందారే మార్చుకునేలా ఉండాలని నిబంధన పెట్టింది. మన కేంద్రం 2022లో మరమ్మతు హక్కు పేరుతో ఒక పోర్టల్ తెరిచింది. పోర్టల్ బ్యాటరీ మార్చదు. కాబట్టి కొత్త యంత్రం కొనబోతున్న పాఠకులకు నా విన్నపం: బ్యాటరీ మార్చగలరా, గేమ్ కార్డులోనే ఉందా, పాత గేములు ఆడుతుందా అని అడగండి. సరైన జవాబు రాకపోతే డబ్బు జేబులోనే ఉంచుకోండి.