తలరాత ఎవరు చదివారు?



ఈసారి మన గోడ పత్రికకి "మనిషి జీవితం ముందే రాసి ఉంటుందా, లేక మన చేతిలో ఉంటుందా?" అనే విషయం ఇచ్చారు. దీని మీద డార్మిటరీలో రెండు పార్టీలు అయిపోయాయి. ఒక పార్టీ "అంతా తలరాత" అంటుంది. ఇంకో పార్టీ "పట్టుదల ఉంటే ఏదైనా సాధించొచ్చు" అంటుంది. నేను ఈ రెండు పార్టీల్లోనూ లేను. ఎందుకు లేనో రాస్తున్నాను. ఓపికగా చదవండి.

ముందు తలరాత సంగతి చూద్దాం. మా ఊళ్ళో బిడ్డ పుడితే దిసారిని అడుగుతారు. ఆయన చుక్కలు లెక్కేసి మంచీ చెడ్డా చెప్తాడు. చెప్పినవి కొన్ని జరుగుతాయి, కొన్ని జరగవు. జరగనివి ఎవరూ గుర్తు పెట్టుకోరు. పంట పోయినా, పశువు పోయినా, పిల్లకి సదువు ఆగిపోయినా మా నాయనమ్మ "రాత అలాగుంది, ఏటి సేస్తాం" అంటుంది. మా ఇంట్లో నాకంటే ముందు అక్షరం వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. మా అయ్య బ్యాంకు కాగితాల మీద వేలిముద్ర వేస్తాడు. అందుకే నాకు ఒక అనుమానం. కాగితం మీద రాసిందే మా ఇంట్లో చదవలేకపోయారు కదా, మరి నుదుటి మీద రాసింది ఎవరు చదివారు? జరిగిపోయాక "ఇదే రాసుంది" అనడానికి చదువు అక్కర్లేదు.

ఈ మాట మన కొండల్లోనే పుట్టింది కాదు. సుమారు 2500 సంవత్సరాల క్రితం, బుద్ధుడి కాలంలోనే, మక్ఖలి గోసాలుడు అనే ఆయన ఇదే బోధించాడు. నియతి అన్నిటినీ నడిపిస్తుంది, మనిషి ప్రయత్నం వల్ల ఏదీ మారదు అన్నాడు. నూలు ఉండని విసిరితే దారం అయిపోయేదాకా దొర్లుకుంటూ పోతుంది కదా, ప్రతి ప్రాణీ అలాగే పోవలసిందే అని ఆయన పోలిక. ఆయన దారిలో నడిచినవాళ్ళని ఆజీవకులు అంటారు. అశోక చక్రవర్తి వాళ్ళకి బీహార్‌లోని బరాబర్ కొండల్లో గుహలు ఇచ్చాడు. వాళ్ళు రాసుకున్న గ్రంథాలు మిగల్లేదు, బౌద్ధులూ జైనులూ వాళ్ళ గురించి రాసిందే మిగిలింది. బుద్ధుడు మాత్రం ఈ బోధని గట్టిగా ఖండించాడు. ప్రయత్నం వల్ల లాభం లేదంటే ఇది చెయ్యాలి, ఇది చెయ్యకూడదు అని ఎవరికీ చెప్పలేం గదా.

మరి అలాగైతే అంతా మన ఇష్టమేనా? అదీ కాదు. చలిజ్వరం చూడండి. ఒకప్పుడు అది కూడా రాతే, లేకపోతే దేవత కోపం. 1897వ సంవత్సరం ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపు కోసి, సూక్ష్మదర్శినిలో మలేరియా క్రిమిని చూశాడు. దానికి 1902లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. అంటే రాత అనుకున్నదానికి కారణం దొరికింది. ఆ క్రిమి ఉన్న దోమ కుడితే నేను ఎంత పట్టుదలగా "నాకు రాకూడదు" అనుకున్నా జ్వరం ఆగదు. అక్కడ నా ఇష్టం పని చెయ్యదు. కానీ కారణం తెలిసింది కాబట్టి దోమతెర కట్టుకుంటున్నాం, రక్తం పరీక్ష చేయించుకుంటున్నాం, మాత్రలు మింగుతున్నాం. నా అభిప్రాయం ఇదే: రాత వేరు, కారణం వేరు. రాత అంటే చేతులు కట్టుకు కూర్చోవాలి. కారణం అంటే దాన్ని పట్టుకోవాలి.

"మరి పుట్టుకతో వచ్చింది ఎవరు మారుస్తారు?" అని ఒక అక్క అడిగింది. మంచి ప్రశ్నే. సికిల్ సెల్ జబ్బు అలాంటిదే. అది అమ్మానాన్నల జన్యువుల నుంచి వస్తుంది. ఇద్దరూ వాహకులైతే, పుట్టే ప్రతి బిడ్డకీ ఆ జబ్బు రావడానికి 4లో 1 వంతు అవకాశం ఉంటుంది. బిడ్డని ఎవరూ అడగరు. అది మన కొండ జాతుల్లో ఎక్కువ కనిపించడానికి కూడా కారణం ఉంది. ఒక్కరి వైపు నుంచే ఆ జన్యువు వచ్చినవాళ్ళకి మలేరియా ముదరకుండా కొంత రక్షణ ఉంటుంది. అందుకని జ్వరాల ప్రాంతాల్లో అది తరతరాలుగా నిలిచిపోయింది. ఇంతకంటే గట్టి రాత ఇంకేముంటుంది? అయినా 2023 జూలై 1న ఈ జబ్బుని తొలగించడానికి దేశం మొత్తానికి ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. పరీక్ష చేసి కార్డు ఇస్తారు. కార్డు మన రక్తాన్ని మార్చదు. కానీ ఏ మందు వాడాలో, పెళ్ళికి ముందు ఏం చూసుకోవాలో తెలుస్తుంది. రక్తం మనం ఎంచుకోలేదు, తర్వాత చేసే పని ఎంచుకోవచ్చు.

ఇప్పుడు రెండో పార్టీ సంగతి. సంక్రాంతి సెలవుల తర్వాత మన హాస్టల్లో ఒక మంచం ఖాళీ అయింది. ఎవరిదో అందరికీ తెలుసు, పేరు రాయను. కొందరు "దాని రాత" అన్నారు. కొందరు "దానికి పట్టుదల లేదు" అన్నారు. రెండు మాటలూ వేరుగా ఉన్నాయి గానీ చేసే పని ఒక్కటే. ఇంక ఎవరూ ఏమీ అడగక్కర్లేదు, దుప్పటి కప్పుకుని పడుకోవచ్చు. కానీ వాళ్ళమ్మకి ఒంట్లో బాగోలేదు. చిన్న తమ్ముణ్ణి చూసేవాళ్ళు లేరు. వాళ్ళ ఊరికి బస్సు లేదు, గెడ్డ పొంగితే దారే ఉండదు. పెళ్ళి మాటలు కూడా జరుగుతున్నాయని విన్నాను. ఇవి కారణాలు. వీటిల్లో కొన్నిటిని పెద్దవాళ్ళు మార్చగలరు.

నా సంగతి కూడా నిజం చెప్పాలి. నేను ఒక్క నా పట్టుదల వల్ల 9వ తరగతికి రాలేదు. ఒక మాష్టారు కొండెక్కి మా ఊరొచ్చి పేరు రాసుకున్నారు. హాస్టల్లో అన్నం పెడుతున్నారు. మా అక్క ఇంటి దగ్గర ఉండి పశువులు కాసింది కాబట్టి నేను పలక పట్టాను. మా అక్క నాకంటే తెలివి తక్కువది కాదు. తెల్లారగట్ల లేచి చదివేది మాత్రం నేనే. మన ఇష్టం కూడా ఈ కారణాల్లో ఒక కారణం. అది ఒక్కటే చాలదు, అది లేకపోతే మిగతావి ఉన్నా చాలవు.

ఇది మనకి వట్టి వేదాంతం కాదు. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకే. నాకు 14 నిండాయి. 2006 చట్టం ప్రకారం ఆడపిల్లకి 18 నిండకుండా పెళ్ళి చెయ్యకూడదు. 14కీ 18కీ మధ్య 4 ఏళ్ళు ఉన్నాయి. ఆడపిల్లకి "నీ రాత ఇంతే" అనే మాట ఎక్కువ వినపడేది ఈ నాలుగేళ్ళలోనే.

అందుకని వార్డెన్ మేడమ్ గారికి నా విన్నపం. సెలవుల తర్వాత ఎవరైనా రాకపోతే వారం లోపల ఇంటికి మనిషిని పంపించి కారణం కనుక్కోవాలి. పెళ్ళి సంగతైతే 1098కి ఫోన్ చెయ్యాలి. అక్కాచెల్లెళ్ళకి ఒక మాట. ఎవరైనా "రాత" అంటే దెబ్బలాడకండి, పెద్దవాళ్ళు బాధలో అంటారు. "ఎందుకు?" అని మాత్రం అడగండి. జవాబు వస్తే మళ్ళీ "ఎందుకు?" అనండి.

నేను రాసింది తప్పనుకున్నవాళ్ళు కూడా తెల్ల కాగితం మీద రాసి ఆదివారం లోపు మానిటర్ అక్కకి ఇవ్వండి. వచ్చే నెల దీని పక్కనే అంటిస్తాం.

ఇట్లు,
మీ 9వ తరగతి విద్యార్థిని